హార్లన్ తిరగరాసిన మాంత్రికుడు

హార్లన్ ప్రిబిల్ మొదటి ఆటపెట్టెను వాళ్ళమ్మ పెరట్లో చెత్త కాల్చే పీపాలో పడేసి నిప్పంటించింది. ఆ ఆట ఆడే పిల్లలు సైతానుకు తలుపు తీస్తున్నారని ఆ ఆదివారం చర్చిలో ఫాదర్ చెప్పాడట. ఆవిడ ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా ఆ పని చేసింది. అప్పటికి హైస్కూల్లో ఉన్న హార్లన్, పీపా పక్కన నిలబడి అట్టపెట్టె ముడుచుకుపోవడం చూస్తూ ఉన్నాడు. పాచికలు మాత్రం జేబులో ఉండిపోయాయి. వాటితోనే మళ్ళీ మొదలుపెట్టాడు.

ఈ సంగతులన్నీ నాకు నా భార్య కొరీన్ ద్వారా తెలుసు. హార్లన్ బల్ల దగ్గర ఆమె ఏళ్ళ తరబడి ఆడింది. నాకు ఆ ఆట రాదు, ఆసక్తీ లేదు. శనివారం మధ్యాహ్నం ఆమెను వాళ్ళింటి దగ్గర దింపి, చీకటి పడేవేళకి వెళ్ళి తీసుకురావడమే నా వంతు.

ఆటంటే పెద్ద రహస్యమేమీ కాదు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో ఒక వీరుడో, దొంగో, వేటగాడో అవుతారు. తలుపు తీయాలా, పారిపోవాలా, రాజుగారికి అబద్ధం చెప్పాలా అన్నది వాళ్ళ ఇష్టం. దూసిన కత్తి తగిలిందో లేదో పాచిక చెబుతుంది. కథ సొంతంగా అల్లుకునే ఓపిక లేనివాళ్ళ కోసం లావుపాటి పుస్తకాలు అచ్చువేసి అమ్ముతారు. పటాలు, రాక్షసులు, ఒక దుర్మార్గుడు, వాడి పన్నాగం, అన్నీ అందులోనే ఉంటాయి. అలాంటి పుస్తకం ఒకటి నడపాలంటే ఏడాదికి పైనే పడుతుంది.

హార్లన్ నది ఒడ్డున ఉన్న కాగితం మిల్లులో బతుకంతా పనిచేశాడు. సన్నగా, పొడుగ్గా, తక్కువ మాటలతో ఉండే మనిషి. ఇంటి కింద బేస్‌మెంట్‌లో బల్ల ముందు కూర్చుంటే మాత్రం వేరే మనిషైపోతాడని కొరీన్ అనేది. గుహలో ముసలి డ్రాగన్‌గా మాట్లాడితే వెనక ఇంటిని వెచ్చబరిచే ఫర్నేసు చప్పుడు కూడా డ్రాగన్ ఊపిరిలాగే వినిపించేదట.

ఆ బల్ల చుట్టూ ముగ్గురే. వృద్ధాశ్రమంలో నర్సుగా చేసే నా భార్య. ఆటలో ఆమె దొంగ. రెండోవాడు డ్వేన్ షూట్, హార్లన్‌కి బడి రోజుల నుంచీ దోస్తు, మిల్లులోనూ తోటివాడు, పెద్ద గొంతు, పెద్ద పొట్ట. ఆటలో అతను గుర్రమెక్కిన సర్దారు. మూడోవాడు డ్వేన్ కొడుకు నోలన్, ముప్పైకి దగ్గరపడ్డవాడు. ఆటలో అతనొక వేటగాడు, ఆ రాజ్యంలోనే అతన్ని మించిన విలుకాడు లేడు. బయట మాత్రం హైవే పక్కన గోడౌన్‌లో పెట్టెలు మోస్తూ, నాన్న ఇంట్లో మేడమీద గదిలో ఉండేవాడు.

మిల్లు సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మూతపడటానికి చాలా ఏళ్ళ ముందు కంపెనీవాళ్ళు ఒక ఒప్పందం తెచ్చారు. ఇప్పుడున్న కార్మికుల జీతం, పెన్షన్ ఎక్కడివక్కడే. ఇకమీదట చేరేవాళ్ళకు మాత్రం జీతం సగం, పెన్షన్ లేదు. ఒప్పుకుంటే మిల్లు నిలుస్తుంది, లేకపోతే లేదు. హైస్కూలు జిమ్ హాల్లో మీటింగు పెట్టారు, మిల్లు మేనేజరే వచ్చి వివరించాడు. డ్వేన్ అప్పుడు యూనియన్ కమిటీలో ఉన్నాడు. మైకు పట్టుకుని ఒప్పుకుందామన్నాడు. హార్లన్ ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పనివాడు, ఆ రోజు లేచి ఇది తప్పన్నాడు. చేతులెత్తమంటే డ్వేన్ వైపే ఎక్కువ లేచాయి. కొన్నాళ్ళకు నోలన్ అదే మిల్లులో, నాన్న నిలబడే యంత్రం దగ్గరే, నాన్న చేసే పనే, సగం జీతానికి చేరాడు. ఆ తర్వాత మిల్లు ఎలాగూ మూతపడింది. పెద్దవాళ్ళు పెన్షన్‌తో ఇంటికెళ్ళారు. నోలన్ వట్టి చేతులతో వెళ్ళాడు.

ఆ మీటింగు గురించి హార్లన్, డ్వేన్ తర్వాత ఒక్క మాట కూడా అనుకోలేదు. కలిసి జింకల వేటకు వెళ్ళారు, శుక్రవారాలు క్లబ్బులో చేపల వేపుడు తిన్నారు, ఆట ఆడారు. మా ఊళ్ళో స్నేహాలు మాట్లాడుకున్న విషయాల మీద కాదు, మాట్లాడుకోకుండా వదిలేసిన విషయాల మీద నిలబడతాయి.

మిల్లు మూతపడ్డ ఏడాది హార్లన్ పుట్టినరోజుకి కొరీన్ అతనికొక ఆట పుస్తకం కొనిచ్చింది. దుకాణంలో కొత్తగా వచ్చింది, అట్టమీద గడ్డకట్టిన సరస్సు బొమ్మ బాగుందని తీసుకుంది. వారం తిరక్కుండా చదివేసి హార్లన్ ఆమెకు ఫోన్ చేశాడు.

"పటాలు బ్రహ్మాండంగా ఉన్నాయి కొరీన్. కానీ ఈ దుర్మార్గుడున్నాడే, వీడు ఉత్త వెధవ."

"ఏం చేశాడు పాపం?"

"వాస్క్రిన్ అని మాంత్రికుడు. లోయలో ఊళ్ళ నుంచి పిల్లల్ని ఎత్తుకుపోతాడు. వాళ్ళని బలిచ్చి సరస్సు కింద నిద్రపోతున్న మంచు రాక్షసుణ్ణి లేపుతాడు. రాక్షసుడు లేచి ప్రపంచాన్ని నాశనం చేస్తాడు."

"బానే ఉందిగా."

"ప్రపంచం నాశనమైతే వీడెక్కడుంటాడు? మర్నాడు పొద్దున వీడికి కాఫీ ఎవడు పోస్తాడు? పుస్తకం మొత్తం వెతికాను, వీడికేం లాభమో ఎక్కడా రాయలేదు."

కొరీన్ నవ్వి, నీకు నచ్చినట్టు మార్చుకో అంది. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు బాధపడింది.

ఆ చలికాలమంతా హార్లన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ పన్నాగాన్ని తిరగరాశాడు. పని లేని మొదటి చలికాలం అది. అతనికి అలా ఒక వ్యాపకం దొరికినందుకు భార్య లొరెట్టా సంతోషించింది. పటాలు, కోటలు, తోడేళ్ళు అలాగే ఉంచాడు. పిల్లల్ని ఎత్తుకుపోవడం మాత్రం తీసేశాడు. అతని కథలో వాస్క్రిన్ ఎవర్నీ ఎత్తుకుపోడు, ఎవరిమీదా చెయ్యి వెయ్యడు. సరస్సు ఏటేటా గట్టిగా గడ్డకడుతోంది, పంటలు పండటం లేదు, లోయ చచ్చిపోతోంది. వాస్క్రిన్ ఊరూరా వెళ్ళి ఒక ఒప్పందం చూపిస్తాడు. రాక్షసుడు లోయకి వెచ్చదనం తిరిగిస్తాడు. బదులుగా ఇకమీదట పుట్టే ప్రతి బిడ్డ ఆయుష్షులో సగం రాక్షసుడిది. ఇప్పుడు బతికున్నవాళ్ళకి ఏమీ కాదు. ఊరిపెద్దలు ఒప్పుకుంటే చాలు.

వాస్క్రిన్‌కి మంచి మర్యాద నేర్పాడు. చిన్న దగ్గు పెట్టాడు. ఎవరింటికి వెళ్ళినా ఆ ఇంటావిడ పేరు, కుక్క పేరు గుర్తుపెట్టుకుని అడిగే అలవాటు పెట్టాడు. మిల్లు మేనేజర్‌కి అచ్చంగా ఆ అలవాటే ఉండేది.

"ఎవరి కోసం ఇంత కష్టపడుతున్నావు?" అని లొరెట్టా ఒకసారి అడిగింది.

"ఆట కోసమే" అన్నాడు.

వసంతంలో ఆట మొదలైంది. కొరీన్ ఇంటికి వస్తూ కారులో ఆ కథే చెప్పేది. ఇంత బాగా హార్లన్ ఎప్పుడూ నడపలేదు అనేది. వాళ్ళు ఊరికెళ్తే ఊరు వెచ్చగా, కళకళలాడుతూ ఉండేది. జనం పెద్ద మనసుతో భోజనం పెట్టేవాళ్ళు. ఎక్కడా దుర్మార్గుడి జాడ ఉండేది కాదు. మెల్లగా ఒక విషయం బయటపడేది: ఊళ్ళో చిన్నపిల్లలు ఎక్కువసేపు నిద్రపోతున్నారు, త్వరగా అలిసిపోతున్నారు, పెద్దవాళ్ళు ఆ మాట ఎత్తనివ్వటం లేదు. వాస్క్రిన్ ఎదురైనప్పుడు అతని మాటలకి ముగ్గురూ పడీపడీ నవ్వేవాళ్ళు. డ్వేన్‌కైతే అతనంటే ముచ్చట.

"ఒరేయ్ హార్లన్, ఇలాంటోణ్ణి చంపాలంటే మనసొప్పట్లేదురా. మా పెద్దన్నయ్య కంటే వీడే నయం."

హార్లన్ ఆ మాటకి నవ్వేవాడు కాదని కొరీన్ గమనించింది. అలసట అనుకుంది.

ఆకులు రాలే కాలానికి కథ చివరికొచ్చింది. ఆ శనివారం లొరెట్టా సాసేజ్‌లు ఉడికించి కిందికి పంపింది. లోయలో ఒప్పందం చేసుకోని ఊరు ఒక్కటే మిగిలింది. ఆ ఊరికి రక్షకుడు డ్వేన్ ఆడే సర్దారే. అందరూ యుద్ధమని ఎదురుచూశారు. నోలన్ వచ్చేటప్పుడే తన వేటగాడి కోసం కొత్త పాచికలు కొని తెచ్చుకున్నాడు.

యుద్ధం రాలేదు. వాస్క్రిన్ ఒంటరిగా, చేతిలో ఆయుధం లేకుండా, ఊరి చావడికి వచ్చాడు. జనమంతా బెంచీల మీద కూర్చున్నారు. ఒప్పందం వివరించాడు. జనం సర్దారు మొహం చూశారు.

"ఇప్పుడు చెప్పాల్సింది నువ్వే" అన్నాడు హార్లన్.

డ్వేన్ సాసేజ్ నములుతూ ఆలోచించాడు. "మా వాళ్ళకేం నష్టం లేదు కదా?"

"లేదు."

"ఊరు నిలుస్తుందా?"

"నిలుస్తుంది."

"అయితే ఒప్పుకుంటా. ఇంకా పుట్టనోడు కత్తి పట్టుకుని నా మీదికొస్తాడా ఏంటి!" అని నవ్వాడు.

కొరీన్ ఊరుకోలేదు. "సిగ్గులేదా డ్వేన్? నా దొంగ అయితే వాడి గొంతులో కత్తి దించేస్తుంది. ఇదిగో, పాచిక వేస్తున్నా."

"ఆగవమ్మా తల్లీ, ఆటే కదా."

నోలన్ బల్లమీద కొత్త పాచికని వేలితో అటూఇటూ తిప్పుతున్నాడు.

అప్పుడు హార్లన్ లేచి నిలబడ్డాడు. వాస్క్రిన్ దగ్గు దగ్గి, రెండు చేతులూ చాచి, మెల్లగా అన్నాడు: "ఈ గదిలో కూర్చున్న వాళ్ళెవరికీ వీసమెత్తు నష్టం ఉండదు. మీ కుటుంబాల మీద గౌరవంతో నేను ఇస్తున్న మాట ఇది."

జిమ్‌లో మిల్లు మేనేజర్ అన్న మాటలవి. పొల్లుపోకుండా అవే. ఊళ్ళో అందరిలాగే ఆ రోజు నేనూ ఆ జిమ్‌లో ఉన్నాను. మా తరం వాళ్ళెవరూ మర్చిపోలేరు.

డ్వేన్ నమలడం ఆపేశాడు. మొహం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. కొరీన్ అంటుంది, పెద్ద గొంతున్న మనిషి అంత చిన్నగా మాట్లాడటం అప్పుడే విన్నానని.

"ఈ పుస్తకంలో ఇలాగే ఉందా హార్లన్?"

"లేదు."

"నువ్వు రాశావా?"

"అవును."

"నా కోసమా?"

హార్లన్ పుస్తకం మూసేశాడు. డ్వేన్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది, తీయలేదు. మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పైన లొరెట్టాతో "భోజనం బావుందమ్మా" అని చెప్పి మరీ తలుపు వేసి వెళ్ళాడు. ఆ మర్యాద వినడమే అన్నిటికంటే కష్టంగా అనిపించిందట కొరీన్‌కి.

హార్లన్ నోలన్ వైపు తిరిగాడు. ఏదో ఎదురుచూస్తున్నవాడి మొహంలా ఉంది అతని మొహం. ఈ కుర్రాడి తరఫున తను ఇన్నాళ్ళకి మాట్లాడానని అనుకున్నాడేమో.

"నీకు తెలియాల్సిన విషయం నోలన్. ఎవరో ఒకరు చెప్పాలి కదా."

"నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు నోలన్. "మొదటి జీతం తీసుకున్న రోజే తెలుసు. ఆయన కవరు, నా కవరు ఒకే కారులో ఇంటికెళ్ళాయి. మా అమ్మ రెండూ ఫ్రిజ్ మీద పక్కపక్కన పెట్టింది. నాకు తెలుసు, ఆయనకి తెలుసు, నాకు తెలుసని ఆయనకి తెలుసు. నువ్వు కొత్తగా చెప్పేదేంటి?"

"నీకు అన్యాయం జరిగిందిరా."

"జరిగింది. వారమంతా జరుగుతూనే ఉంటుంది. ఈ శనివారం ఒక్క పూటే నేను పెట్టెలు మోసేవాణ్ణి కాదు. ఇక్కడ ఒక్కచోటే నేను సగం కాదు. ఇక్కడే, మా నాన్న పక్కన కూర్చుని ఆయన మీద కోపం లేకుండా నవ్వగలిగేవాణ్ణి. అది కూడా తీసేసుకున్నావు హార్లన్. నీ మాట నెగ్గడానికి."

తన పాచికలు ఏరుకుని జేబులో వేసుకున్నాడు. నాన్న కుర్చీ ఎత్తి బల్ల కిందికి నెట్టాడు. వెళ్ళిపోయాడు.

నేను కొరీన్‌ని తీసుకురావడానికి వెళ్ళేసరికి ఆమె వాకిట్లో కోటు వేసుకుని నిలబడి ఉంది. కారెక్కాక, "ఆ పుస్తకం నేనే కొన్నాను" అంది. ఇంటికొచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

ఆ ఆట అంతటితో సరి. కొరీన్ హార్లన్‌కీ డ్వేన్‌కీ ఫోన్లు చేసింది. డ్వేన్ ఎత్తలేదు. జింకల వేట రోజులొచ్చాయి. హార్లన్ ఒంటరిగా వెళ్ళి ఏమీ కొట్టకుండా తిరిగొచ్చాడు. క్లబ్బులో శుక్రవారం ఇద్దరూ ఎదురుపడితే డ్వేన్ తన పళ్ళెం పట్టుకుని బార్ వైపు వెళ్ళి కూర్చునేవాడు. ఊళ్ళో కారణం ఎవరికీ తెలీదు. చేపలు పట్టే పందెం దగ్గర తగువుపడ్డారని చెప్పుకున్నారు.

చివరికి లొరెట్టా పోరు పడలేక హార్లన్ ఒక మధ్యాహ్నం డ్వేన్ ఇంటికి వెళ్ళాడు. తర్వాత జరిగింది నాకు డ్వేనే చెప్పాడు, ఒకసారి మంచులో ఇరుక్కున్న నా కారు తీయడానికి సాయం వచ్చినప్పుడు. చెప్పి మనసు తేలిక చేసుకున్నట్టు లేడు. ఊరికే చెప్పాడు.

డ్వేన్ గ్యారేజీలో మంచు తోసే యంత్రానికి నూనె మారుస్తున్నాడట. హార్లన్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"తప్పు చేశాన్రా డ్వేన్."

"ఏది తప్పు?"

"అలా చెయ్యకుండా ఉండాల్సింది. నోలన్ ముందు."

"నోలన్ లేకపోతే తప్పు కాదా?"

హార్లన్ ఏదో అనబోయాడు. డ్వేన్ చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"ఒక్కటడుగుతా, నిజం చెప్పు. ఆ రోజు జిమ్‌లో నువ్వు వద్దన్నావు. సరే అన్నవాళ్ళే ఎక్కువమంది ఉంటారని నీకు ముందే తెలుసా, తెలీదా?"

హార్లన్ నూనె డబ్బా వైపు చూశాడు.

"నీకు తెలుసు. లోపలికి రాకముందే అందరికీ తెలుసు. అందుకే నీకు వద్దనడం తేలికైంది. ఒక్క ఓటు తేడాతో పోయేటట్టుంటే నీ చెయ్యి ఎటు లేచేదో నాకు తెలీదు, నీకూ తెలీదు. నేను మైకు పట్టుకుని ఆ పని చేశాను, తిట్లు నేను తిన్నాను. నెల మొదట్లో నాకెంతొస్తుందో నీకూ అంతే వస్తుంది. ఏ నెలైనా తిప్పి పంపావా? సగం నోలన్‌కిచ్చావా?"

"లేదు."

"మరి నీ కథలో నిన్నెక్కడ పెట్టుకున్నావురా? నేను సర్దారుని. మేనేజరు మాంత్రికుడు. మావాడు పుట్టని బిడ్డ. నువ్వెవరు?"

హార్లన్ మంచి కథకుడు, ఏ గుహలో ఏ రాక్షసుడు ఏమంటాడో ఇట్టే చెప్పగలవాడు. ఆ గ్యారేజీలో మాత్రం నోరు పెగల్లేదు. నూనె డబ్బా అందించబోతే డ్వేన్ తనే వంగి తీసుకున్నాడట. హార్లన్ వెనక్కి తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

"జాలేసిందా?" అని అడిగాను డ్వేన్‌ని.

"వేసింది. అయినా పిలవలేదు" అన్నాడు.

ఆ చలికాలం పోయేసరికి నోలన్ మేడమీద గది ఖాళీ చేసి గ్రీన్ బే నగరానికి వెళ్ళిపోయాడు. అక్కడేదో ప్యాకింగ్ కంపెనీలో పని. వెళ్ళేటప్పుడు నాన్నతో కూడా పెద్దగా మాట్లాడలేదని విన్నాం. ఇంట్లో మాట్లాడకుండా వదిలేసిన విషయం ఒకసారి నోటికొచ్చాక, తండ్రీకొడుకులకి ఇక పక్కపక్కన కూర్చోవడం కుదరలేదు. డ్వేన్ భార్య ఆ గదిలో బట్టలు కుట్టే మెషిన్ పెట్టుకుంది.

హార్లన్ మళ్ళీ ఆట నడపలేదు. పక్క ఊరి ఆటల దుకాణం వాళ్ళు కొత్తవాళ్ళకి నేర్పమని అడిగితే కళ్ళు సరిగా కనపడటం లేదన్నాడు. కళ్ళు బానే ఉన్నాయని లొరెట్టా కొరీన్‌తో అంది. శనివారాలు ఆవిడతో సూపర్ మార్కెట్‌కి వెళ్ళి, బండి తోస్తూ వెనక నడుస్తాడు.

వేసవిలో ఒకరోజు నేను పెట్రోలు పోసుకుంటుంటే పక్క పంపు దగ్గర హార్లన్ ఉన్నాడు. అప్పుడే నోలన్ వచ్చి ఆగాడు, అమ్మని చూడటానికి వచ్చాడట. హార్లన్ రెండడుగులు ముందుకేశాడు. అతనలా ఎవరికైనా ఎదురెళ్ళడం నేను చూసింది అదొక్కసారే.

"బాగున్నావా నోలన్?"

"బాగున్నాను మిస్టర్ ప్రిబిల్. మీరు బాగున్నారా?"

పదేళ్ళ వయసు నుంచీ అతన్ని హార్లన్ అనీ, నువ్వనీ పిలిచిన కుర్రాడు. హార్లన్ తలూపాడు. ఎండలు ఎక్కువగా ఉన్నాయని ఇద్దరూ అనుకున్నారు. గ్రీన్ బేలో కూడా అంతేనని నోలన్ చెప్పాడు. ట్యాంకు నిండినట్టు పంపు క్లిక్కుమంది. నోలన్ మూత బిగించి, జాగ్రత్తండీ అని చెప్పి, కారెక్కి వెళ్ళిపోయాడు.